ఎం.ఎస్సీ. డైటెటిక్స్‌లో చేరాలా, ఏడాది డిప్లొమా చాలా? తిరుపతిలో చదివినవాళ్లు కాస్త చెప్పండి

పలమనేరు_పిల్ల:

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. చిత్తూరులో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను, న్యూట్రిషన్ ఒక సబ్జెక్టు. ఇంకో రెండు నెలల్లో పరీక్షలు అయిపోతాయి. తర్వాత ఏం చేయాలో తేలక రోజూ టెన్షన్‌గా ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నాకు ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేయాలని ఉంది. మా అవ్వకి షుగరు. నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు కాలికి పుండు పడి ఆమెను ఆసుపత్రిలో చేర్చాం. డిశ్చార్జి రోజు ఒక కాగితం చేతిలో పెట్టారు. పొద్దున ఓట్స్, పదకొండింటికి ఆపిల్, సాయంత్రం బ్రౌన్ బ్రెడ్ అని ఉంది అందులో. అవ్వ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సంగటి తిన్న మనిషి. నా చేత చదివించుకుని, "ఇందులో మన కూడు యాడుంది మ్మే?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టింది, మళ్లీ తియ్యలేదు. ఆ రోజు నుంచీ నాకు ఇదే ధ్యాస.

మా నాయనకి నాలుగు ఆవులు, రెండెకరాల భూమి. పాల డబ్బుల మీదే మా ఇద్దరి చదువు. తమ్ముడు ఇంటరు. అందుకే ఎక్కువ ఖర్చు పెట్టించలేను. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. రెండేళ్లు చెయ్యమని మా మేడం అంటున్నారు. మా పెద్దనాన్న కొడుకేమో ఏడాది డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరిపొమ్మంటున్నాడు. ఇన్‌స్టాలో ఒకావిడ మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు, సర్టిఫికెట్ ఇస్తాను, ముప్పై ఐదు వేలు అంటోంది. హైదరాబాదులో ఎన్‌ఐఎన్ అనే పోషకాహార సంస్థ ఉందని విన్నాను కానీ మనకు సీటు వస్తుందా అని భయం. బంధువులైతే "వంటల చదువుకి యూనివర్సిటీ దేనికి" అంటున్నారు.

ఆసుపత్రిలో తీసుకోవాలంటే నిజంగా ఏం చదివుండాలి? జీతం ఎంతొస్తుంది? నాకు కెమిస్ట్రీ అంత బాగా రాదు, అది అడ్డమవుతుందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.


కొర్లగుంట_అన్న:

చెల్లీ, నేను ఈ ఫీల్డు కాదు, మా ఆవిడ ఈ ఫీల్డు. ఆమె పెళ్లయ్యాక ఇంట్లో ఉంటూనే ఇగ్నోలో దూరవిద్యలో డైటెటిక్స్ ఎం.ఎస్సీ. చేసింది. ఫీజు తక్కువ, పుస్తకాలు చాలా బాగుంటాయి. ప్రాక్టికల్స్‌కి మాత్రం వెళ్లాల్సిందే. నువ్వు కూడా ఏదైనా చిన్న ఉద్యోగం చూసుకుని పక్కన అది చేసుకుంటే నాయన మీద భారం పడదు. మూడు నెలల కోర్సు జోలికి మాత్రం పోవద్దు. ఆ ముప్పై ఐదు వేలు పెడితే రెండు దూడలొస్తాయి.


రేణిగుంట_డైటీషియన్:

పలమనేరు అమ్మాయీ, నీ పోస్టు రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక చదివాను. మీ అవ్వ కాగితం సంగతి చదివి పడుకోలేకపోయాను. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, తిరుపతిలోనే మూడు ఆసుపత్రులు మారాను. అలాంటి కాగితాలు మొదట్లో నేనూ ఇచ్చాను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు కొర్లగుంట అన్న చెప్పినదాని గురించి. అన్నా, వదినగారు చేసినప్పుడు అది మంచి దారే. నా తోటివాళ్లలో ఇద్దరు అలా చదివినవాళ్లే, పనిలో ఎవరికీ తీసిపోరు. కానీ 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి న్యూట్రిషన్, డైటెటిక్స్ లాంటి ఆరోగ్య కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ ఆపేసింది. కొత్తగా చేరేవాళ్లకి ఆ తలుపు మూసుకుంది. ఎవరైనా ఇంకా అడ్మిషన్ ఇస్తామంటే డబ్బు కట్టే ముందు యూజీసీ సైట్ చూసుకో చెల్లీ.

ఎందుకు ఆపారంటే, 2021లో ఒక చట్టం వచ్చింది. డాక్టర్లు, నర్సులు కాకుండా ఆసుపత్రిలో పనిచేసే ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ వాళ్లు, ఇలా అందరికీ కలిపి ఒక జాతీయ కమిషన్ పెట్టారు. ఆ జాబితాలో డైటీషియన్ ఉంది, న్యూట్రిషనిస్టు కూడా ఉంది. ఇన్నాళ్లూ మనకి డాక్టర్లలాగా రిజిస్టర్ లేదు, ఎవరు పడితే వాళ్లు బోర్డు పెట్టుకున్నారు. ఇకమీద రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ప్రాక్టీసు చేయాలన్నది ఆ చట్టం ఉద్దేశం. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిగ్రీలో కనీసం 3600 గంటల చదువు ఉండాలని అందులో రాశారు. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు ఎక్కడ, 3600 గంటలు ఎక్కడ! ఆ ఇన్‌స్టా ఆవిడ సర్టిఫికెట్టుతో ఏ ఆసుపత్రి వార్డులోనూ నిన్ను అడుగు పెట్టనివ్వరు.

ఇక నీ అసలు ప్రశ్న. ఎం.ఎస్సీ.నే చెయ్యి. కానీ నీకు నేను గట్టిగా చెప్పాలనుకున్నది వేరే. కాలేజీ పేరు చూసి చేరొద్దు. చేరేముందు "ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని నెలలు, ఎవరి కింద?" అని అడుగు. మన చదువంతా ఆ జవాబులోనే ఉంది.

నా కథ చెప్తాను. నాకు ఎం.ఎస్సీ.లో మంచి మార్కులు. ఇంటర్న్‌షిప్‌కి ఒక పెద్ద ఆసుపత్రికి పంపారు, పేరు అనవసరం. ఆరు నెలలని కాగితం మీద ఉంది. అందులో నాలుగు నెలలు వంటగది బయట నిలబడి ట్రేలు లెక్కపెట్టాను. ఉప్పు లేనిది ఎన్ని, మెత్తటిది ఎన్ని, ఇంతే. మిగతా రెండు నెలలు ఫైళ్లు రాశాను. చివర్లో కిడ్నీ, గుండె, ఐసీయూ, పిల్లల వార్డు అన్నీ తిరిగినట్టు సర్టిఫికెట్ ఇచ్చారు.

మొదటి ఉద్యోగంలో మూడో రోజు. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకి ముక్కులోంచి కడుపులోకి తిండి పోసే రైల్స్ ట్యూబ్ వేశారు. డాక్టరు గారు "ఫీడ్ లెక్క రాయమ్మా" అని వెళ్లిపోయారు. లెక్క నాకు రాదా అంటే వచ్చు. మనిషి అరవై కిలోలు, కిలోకి 25 క్యాలరీలు, అంటే 1500. మిల్లీలీటరుకి ఒక క్యాలరీ ఉండే ఫీడ్ అయితే లీటరున్నర. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా రెండు గంటలకోసారి అంటే తొమ్మిది సార్లు, సారికి దాదాపు 165 మిల్లీలీటర్లు. పరీక్షలో పది మార్కులు పడే జవాబు. అదే రాసిచ్చాను. వార్డు సిస్టర్ చదివి నా మొహం చూసి, "పాపా, ఈయన ఆరు రోజులుగా నోట్లో మెతుకు పెట్టలేదు, వచ్చిందగ్గరి నుంచీ సెలైన్ మీదే ఉన్నాడు. మొదటి రోజే ఇంత పోస్తావా?" అని అడిగింది. నా చేతులు చల్లబడిపోయాయి.

అన్నాళ్లు పస్తున్న మనిషికి ఒక్కసారిగా తిండి పోస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోతాయి. గుండె లయ తప్పే ప్రమాదం. దానికి రీఫీడింగ్ సిండ్రోమ్ అని పేరు, పుస్తకంలో అరపేజీ ఉంటుంది, నేను చదివాను కూడా. కానీ పుస్తకంలో ఉన్న ఆ అరపేజీ ఈ మంచం మీదున్న మనిషేనని నాకు ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. ఆ సిస్టరే ఆ రోజు డాక్టరుకి ఫోన్ చేసి, రక్తపరీక్ష చేయించి, 50 మిల్లీలీటర్లతో మొదలుపెట్టించింది. ఆమె లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నేను ట్రేలు లెక్కపెట్టిన ఆ నాలుగు నెలల్లో నేర్చుకుని ఉండాల్సింది ఇది.

అందుకే చెప్తున్నాను. సీనియర్ డైటీషియన్ పక్కన నిలబడి, వార్డులో రౌండ్లకి వెళ్లే అవకాశం ఉందా అని అడుగు. సీనియర్ విద్యార్థినుల్ని హాస్టల్ దగ్గర పట్టుకుని "అక్కా, నువ్వు ఎన్ని ట్యూబ్ ఫీడ్లు నీ చేత్తో లెక్కకట్టావు? డయాలసిస్ యూనిట్‌లో ఎన్ని రోజులున్నావు?" అని అడుగు. ప్రాస్పెక్టస్‌లో రాయని సంగతులు వాళ్లే చెప్తారు. తిరుపతిలో నీకున్న వసతి ఏంటంటే స్విమ్స్, రుయా అనే రెండు పెద్దాసుపత్రులూ ఒకే రోడ్డులో ఉన్నాయి, చిత్తూరు, కడప, నెల్లూరు, అటు తమిళనాడు వైపు నుంచీ పేషంట్లు వస్తారు. ఇంత రకరకాల తిండి తినే జనం ఒకేచోట దొరకడం చదువుకునే పిల్లకి వరం. యూనివర్సిటీ ద్వారా అక్కడ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందో లేదో నేరుగా డిపార్ట్‌మెంటులో కనుక్కో.

ఎం.ఎస్సీ., ఆ ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వాళ్ల రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయొచ్చు. ఆర్‌డీ అంటారు. ఆ సంఘం 1963 నుంచి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన మూడేళ్లకి రాశాను. రాత్రిళ్లు పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని చదివాను. నువ్వు చదువు వేడి ఆరకముందే రాసెయ్యి. ఏడాది డిప్లొమాతో కూడా కొన్నిచోట్ల తీసుకుంటారు, అబద్ధం చెప్పను. కానీ మా దగ్గర ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్లలో ఎం.ఎస్సీ. ఉన్నవాళ్లే ఎక్కువైపోయారు, డిప్లొమా అమ్మాయిలు అడుగునే ఉండిపోతున్నారు.

ఎన్‌ఐఎన్‌కి భయపడకు. తార్నాకలో ఉంది, మన జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చింది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్ ఎం.ఎస్సీ.కి ఎంట్రన్స్ రాయాలి, సీట్లు తక్కువ. అయితే అది ఎక్కువగా జనారోగ్యం వైపు. నీ మనసు వార్డు మీద ఉంటే తిరుపతి చాలు. ఊళ్లల్లో పిల్లల పోషణ, అంగన్‌వాడీలు అంటే ఇష్టమైతే మాత్రం ఎంట్రన్స్ రాసి చూడు. పోయేదేముంది.

కెమిస్ట్రీ గురించి. ఆర్గానిక్ రియాక్షన్లు బట్టీ కొట్టడం రాకపోతే ఏం కాదు. బయోకెమిస్ట్రీ మాత్రం రావాలి, తప్పదు. ఎందుకో చెప్పడానికి ఒకే ఒక్క మనిషి సంగతి చెప్తాను. నగరి వైపు మరమగ్గం నడిపే ఒకాయన, యాభై ఏళ్లుంటాయి. కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన కొత్తలో ఎవరో పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమన్నారు. అప్పటికి అది సరైన మాటే. డయాలసిస్ మొదలుకాని దశలో ప్రోటీన్ తగ్గించాలి, కిలో బరువుకి 0.6 గ్రాముల దాకా తెస్తాం. తర్వాత డయాలసిస్ మొదలైంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మెషీన్ గుండా రక్తం తిరిగిన ప్రతిసారీ అమైనో ఆమ్లాలు కొన్ని కొట్టుకుపోతాయి, కాబట్టి కిలోకి 1.0 నుంచి 1.2 గ్రాములు తినాలి. అంటే ఇంచుమించు రెట్టింపు. ఆ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన పాపం భార్యకి ఒట్టేసి మరీ పప్పు ముట్టడం మానేశాడు. నేను చూసేసరికి ఐదు నెలల్లో 58 కిలోల మనిషి 51కి వచ్చాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. "అమ్మా, చెప్పినట్టే పథ్యం చేస్తున్నాను, ఎందుకు చిక్కిపోతున్నాను?" అని అడిగాడు. రోజుకి మూడు గుడ్ల తెల్లసొన, వారానికి రెండుసార్లు చేప, మధ్యాహ్నం పప్పు కొలత పెట్టి ఇచ్చాం. కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండమని ఆయన భార్యకి నేనే మా క్యాంటీన్‌లో చేసి చూపించాను, పొటాషియం తగ్గడానికి. మామిడికాయల కాలంలో ఆమె చేత మళ్లీ మళ్లీ మాట తీసుకున్నాను. మన జిల్లాలో జూన్ నెలలో ఇంటినిండా పళ్లుంటే తినొద్దని చెప్పడం ఎంత కష్టమో నీకు తెలుసు. నాలుగు నెలల్లో మూడు కిలోలు పెరిగాడు. ఆ పని "వంటల చదువు" చేస్తుందా? మీ బంధువులకి ఈ సంగతి చెప్పు.

జీతం దగ్గర దాచేదేం లేదు. 2011లో నా మొదటి జీతం ఎనిమిది వేలు. ఇప్పుడు మా ఆసుపత్రిలో ఎం.ఎస్సీ. అయి కొత్తగా చేరే అమ్మాయిలకి పదహారు, పద్దెనిమిది వేలు ఇస్తున్నారు. చదువుకి తగ్గ జీతం కాదు, నాకు చాలా కోపం దీని మీద, ప్రతి ఏటా మేనేజ్‌మెంటుని అడుగుతూనే ఉన్నాను. మూడు నాలుగేళ్లు నిలబడి, ఆర్‌డీ కూడా చేతిలో ఉంటే మారుతుంది. మీ నాయనకి ఈ మాట ముందే చెప్పి ఒప్పించు. తర్వాత తెలిస్తే ఆయన బాధపడతాడు.


పలమనేరు_పిల్ల:

అక్కా, చదువుతుంటే ఏడుపొచ్చింది. మా నాయనకి మొత్తం చదివి వినిపించాను. జీతం దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మగ్గం ఆయన బతికినాడా?" అని అడిగాడు. బతికే ఉన్నాడా అక్కా?

ఇంకొకటి. మా అవ్వ విషయంలో ఆ కాగితం తప్పా? సంగటి తినొచ్చా, తినకూడదా? యూట్యూబ్‌లో సగం మంది రాగి షుగరుకి అమృతం అంటారు, సగం మంది ముట్టొద్దంటారు.


పుత్తూరు_నుంచి_డాలస్:

రేణిగుంట అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ముందు ముందు అమెరికా ఆలోచన ఉన్నవాళ్లకి పనికొస్తుందని. నేను తిరుపతిలో ఎం.ఎస్సీ. చేసి పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. ఇక్కడ 2024 జనవరి 1 నుంచి డైటీషియన్ పరీక్ష రాయాలంటేనే కనీసం మాస్టర్స్ ఉండాలి. అంతకుముందు బ్యాచిలర్స్ సరిపోయేది. మనకి ఎం.ఎస్సీ. ఉంది కదా అని నేను సంబరపడ్డాను. ఊరికే సరిపోదు. మన డిగ్రీని ఇక్కడి అక్రెడిటేషన్ సంస్థ ఒప్పుకున్న ఏజెన్సీతో మూల్యాంకనం చేయించుకోవాలి, మిగిలిపోయిన కోర్సులు చదవాలి, ఆ పైన పర్యవేక్షణలో కనీసం వెయ్యి గంటలు పని చేసి చూపించాలి. ఆసుపత్రి ఒక్కటే కాదు, సమాజంలో పని, వంటశాల నిర్వహణ, అన్నీ అందులో ఉంటాయి. అవన్నీ అయ్యాకే పరీక్ష. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు మళ్లీ వేరే.

ఇక్కడి వెయ్యి గంటల్లో ప్రతి వారం ఒక సీనియర్ నా పక్కన కూర్చుని, పేషంటుతో నేను మాట్లాడుతుంటే వింటూ, తర్వాత "ఆ ప్రశ్న అలా ఎందుకడిగావు" అని విప్పి చెప్పేది. తిరుపతిలో నేను చదివినప్పుడు అది నాకు దొరకలేదు. చదువు తక్కువై కాదు, నేర్పే మనిషికి తీరిక లేక. అక్క అడగమన్న ప్రశ్న "ఎవరి కింద" అన్నది, దాన్ని మాత్రం వదలొద్దు చెల్లీ. నీ సిలబస్ కాగితాలు, గంటల లెక్క, మార్కుల లిస్టులు మొదటి రోజు నుంచి ఒక ఫైలులో దాచుకో. నేను సిలబస్ కాపీ కోసం మా అన్నని ఆరుసార్లు యూనివర్సిటీకి తిప్పాను.


ఎం.ఎస్సీ_సెకండియర్:

నేను ఇప్పుడు చదువుతున్నాను. పీజీసెట్ అనే ఎంట్రన్స్ రాసి వచ్చాను. పలమనేరు చెల్లీ, హాస్టల్లో ఉంటే ఖర్చు అనుకున్నంత ఉండదు, స్కాలర్‌షిప్ కాగితాలు, ముఖ్యంగా ఆదాయం సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకో. కౌన్సెలింగ్ టైములో సచివాలయం చుట్టూ తిరగడం కుదరదు. ఫస్టియర్‌లో ఇన్‌స్టిట్యూషనల్ ఫుడ్ సర్వీస్ అని ఒక పేపరు ఉంటుంది, చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మేము కొండ మీద అన్నప్రసాదం వంటశాల చూసొచ్చాక దాని విలువ తెలిసింది. వేల మందికి ఒకే రుచితో, శుభ్రంగా, టైముకి వడ్డించడం అంటే ఎంత లెక్క, ఎంత క్రమం! వచ్చేటప్పుడు ఫోన్ చెయ్యి, బస్టాండ్‌కి వచ్చి తీసుకెళ్తా.


రేణిగుంట_డైటీషియన్:

మగ్గం ఆయన బతికే ఉన్నాడమ్మా. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వస్తాడు. కూతురి పెళ్లి చేశాడు పోయిన మాఘంలో. మీ నాయనకి చెప్పు.

అవ్వ సంగటి సంగతి. కాగితం రాసినవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదు. వాళ్లు ఆమెను "ఏం తింటావమ్మా" అని అడగలేదు, అంతే లోపం. మనకి ఇరవై నాలుగు గంటల రీకాల్ అని నేర్పిస్తారు, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం తిన్నారో అడిగి రాయడం. నేను మొదట్లో "సంగటి, 2 ముద్దలు" అని రాసుకుని మా ఛార్టులో ముద్ద అంటే ఎంతని ఉందో అంత లెక్కేసేదాన్ని. ఛార్టులో ముద్ద 150 గ్రాములు. ఒకసారి అనుమానమొచ్చి మా అత్తగారి ముద్దని వంటింటి త్రాసు మీద పెట్టాను. 420 గ్రాములు! నాలుగు ముద్దలకి ఆమె నూకలు, రాగిపిండి కలిపి 480 గ్రాములు పోసింది. అంటే ఒక్కో ముద్దలో 120 గ్రాముల ధాన్యం, దాదాపు 400 క్యాలరీలు. రెండు తింటే ఎనిమిది వందలు. నేను అన్నేళ్లూ అందులో మూడో వంతు రాసుకుంటూ వచ్చాను. మందు సరిగ్గా వేసుకుంటున్నా షుగరు ఎందుకు దిగట్లేదని పేషంట్లనే గదమాయించాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రాగి మంచిదే. నూరు గ్రాముల్లో 350 మిల్లీగ్రాములకి దగ్గరగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో ఆవగింజంత ఉండదు. కానీ మెత్తగా విసిరిన పిండి, దానికి నూకలు కలిపి బాగా ఉడికిస్తే షుగరు త్వరగానే పెరుగుతుంది. కాబట్టి అమృతమూ కాదు, విషమూ కాదు. ఎంత తింటోంది, దేంతో తింటోంది అన్నదే లెక్క. ముద్ద చిన్నది చేసి, పక్కన అనపగింజల పులుసో, అలసందల కూరో, ఆకుకూర పప్పో ఎక్కువ పెట్టండి. ఊరిబిండి అయితే నూనె, శెనిక్కాయలు చూసుకుని వెయ్యండి. ఆమెకు కిడ్నీ ఇబ్బంది ఉందేమో ముందు డాక్టరుని అడగండి, క్రియాటినిన్ చూపించుకోండి, ఉంటే ఈ లెక్కంతా మారిపోతుంది. ఒక్కసారిగా తగ్గించొద్దు, మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగరు పడిపోతుంది.

నువ్వొక పని చెయ్యి. అవ్వ ముద్ద తూచు. మూడు రోజులు ఆమె తిన్నదంతా, ఎవరింట్లోనో తాగిన కాఫీతో సహా, ఒక నోటుబుక్కులో రాయి. ఆమెను తప్పు పట్టినట్టు అడక్కు, పక్కన కూర్చుని కబుర్లు చెప్తూ అడుగు. అడగడం ఎంత కష్టమో ఆ మూడు రోజుల్లో నీకే తెలుస్తుంది.


పలమనేరు_పిల్ల:

అక్కా, తూచాను. మా ఇంట్లో త్రాసు లేదు, పాల సొసైటీ దగ్గర కిరాణా అంగడిలో తూయించాను, అంగడాయన ఎందుకని అడిగితే చదువు కోసమన్నాను. అవ్వ ముద్ద 380 గ్రాములు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి అన్నం. అమ్మ పిండి చేతి లెక్కన వేస్తుంది కాబట్టి రేపు గ్లాసుతో వేయించి అది కూడా కొలుస్తాను.

నోటుబుక్కులో రెండు రోజులు రాశాను. పక్కింట్లో రోజుకి రెండుసార్లు కాఫీ తాగుతోంది, చక్కెర వేసుకుని. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు చెప్పి, "మీ నాయనకి చెప్పొద్దు మ్మే" అనింది. చెప్పలేదు. చక్కెర సగం తగ్గించుకుంటానని తనే అనింది.

క్రియాటినిన్‌కి శనివారం పలమనేరు తీసుకెళ్తున్నాం. సోమవారం నాయనతో కలిసి తిరుపతికి వస్తున్నా, డిపార్ట్‌మెంటులో ఆ మూడు ప్రశ్నలూ అడగడానికి. సెకండియర్ అక్కా, పొద్దున ఏడున్నర బస్సుకి బయల్దేరతాం.